గోళ్ళు ‘రాలేదు’ అంటే సరిపోదు

పసిపిల్లలున్న ఇంట్లో తల్లికి రెండు మూడు రోజులకోసారి తప్పని పని ఒకటుంటుంది. పిల్లలు నిద్రలో చేతులాడించి వాళ్ళ ముఖం వాళ్ళే గీరేసుకుంటారు, తెల్లారేసరికి బుగ్గ మీద ఎర్రటి గీతలుంటాయి, బ్లేడు పెట్టాలంటే భయం కాబట్టి తల్లి ఆ లేత గోళ్ళను మునిపళ్ళతోనే కొరికి తీస్తుంది. ఒడిశాలోని కాశీనగర్‌లో మా పెద్దమ్మ ఇంట్లో మనవరాలు పుట్టి మూడు వారాలైనా ఆ పని పడలేదు. బుగ్గలు నున్నగానే ఉన్నాయి, అందరూ సంతోషించారు కూడా. ఒకరోజు నీళ్ళు పోసే ముసలమ్మ పాపని కాళ్ళ మీద బోర్లా వేసుకుని, వేళ్ళ సందుల్లో పిండి తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయింది. “ఏటే అమ్మా, గుంటకి గోళ్ళేవే?”

చూస్తే నిజంగానే లేవు. చేతులకి లేవు, కాళ్ళకీ లేవు. గోరు ఉండాల్సిన చోట గులాబీ రంగు చర్మం, మధ్యలో కాస్త లోతుగా, ఎవరో బొటనవేలితో మెత్తగా నొక్కి వదిలినట్టు ఉంది. పుట్టినప్పుడు ఆసుపత్రిలో బరువు చూశారు, ఏడుపు చూశారు, వేళ్ళు ఇరవై ఉన్నాయని లెక్కపెట్టారు. వేళ్ళ చివర్లు మాత్రం ఎవరూ చూడలేదు.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో మూడు మాటలు తిరిగాయి. మొదట కాల్షియం అన్నారు, తర్వాత గ్రహణం అన్నారు, ఆ తర్వాత కాస్త గొంతు తగ్గించి మేనరికం అన్నారు. మొదటిది తప్పు, రెండోది పాపం, మూడోది సగం నిజం. నాకు అసలు చిరాకేసింది ఈ మూడింటి వల్ల కాదు. అడగాల్సిన నాలుగో ప్రశ్న, అంటే ఈ పిల్లకి లేనిది గోళ్ళేనా ఇంకేమైనా ఉందా అన్నది, చాలా రోజులు ఎవరూ అడగకపోవడం వల్ల.

డాక్టర్లు దీన్ని అనోనికియా అంటారు. గ్రీకులో ‘అన్’ అంటే లేని, ‘ఓనిక్స్’ అంటే గోరు. ఉంగరాల్లో పొదిగే ఓనిక్స్ రాయికి పేరొచ్చింది కూడా ఆ గోరు మాట నుంచే. మన నఖం, ఒడియా వాళ్ళ నఖ, ఇంగ్లీషు నెయిల్, గ్రీకు ఓనిక్స్, అన్నీ ఎప్పటిదో ఒకే మూలం నుంచి చీలిన మాటలట. మన పాత వైద్యంలో కునఖం అనే మాట ఉంది గానీ అది దెబ్బ తగిలి నల్లబడి గరుకైన గోరుకి సుశ్రుతుడు పెట్టిన పేరు. పుట్టుకతోనే లేని గోరుకి మన వాడుకలో పేరు లేదు కాబట్టి “గోళ్ళు రాలేదు” అంటాం. చిక్కంతా ఆ ‘రాలేదు’లోనే ఉంది. పళ్ళు రాలేదు, మాటలు రాలేదు అన్నట్టే అందులో ‘వస్తాయిలే’ అనే ఆశ దాక్కుని ఉంటుంది, ఆ ఆశతోనే జనం రెండేళ్ళు నూనెలు రాస్తూ కూర్చుంటారు.

మరి ఏది ‘రాలేదు’, ఏది ‘లేదు’? నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి గోళ్ళు వేలి కొన దాకా రావు. కడుపులో పదో వారం దగ్గర గోరు ఉండే చోటు ఏర్పడుతుంది, చేతి గోళ్ళు కొన దాకా చేరడానికి సుమారు 32 వారాలు, కాలి గోళ్ళకి 36 దాకా పడుతుంది. ఏడో నెలలో పుట్టిన బిడ్డకి గోరు పొట్టిగా ఉంటే కంగారు పడక్కర్లేదు, అది నిజంగానే ఇంకా వస్తున్న గోరు. ఇంకోటి, మన ఊళ్ళలో తరచూ టెన్షన్ పెట్టేది, పిల్లలకి చేతుల మీదా కాళ్ళ మీదా నోట్లోనూ పొక్కులతో వచ్చే జ్వరం. దాన్నే హ్యాండ్ ఫుట్ మౌత్ అంటున్నారు. జ్వరం తగ్గిపోతుంది, అందరూ మర్చిపోతారు, నెలో రెండు నెలలో గడిచాక ఉన్నట్టుండి పిల్లాడి గోళ్ళు మొదట్లోంచి లేచి ఒక్కొక్కటే ఊడిపోతాయి. చూడ్డానికి భయంకరంగా ఉంటుంది, కింద కొత్త గోరు అప్పటికే బయల్దేరి ఉంటుంది. దీనికి మందు అక్కర్లేదు. తల్లిదండ్రులు ఆ పాత జ్వరాన్నీ ఈ గోళ్ళనీ కలిపి చూడరు కాబట్టే అంత ఆదుర్దా.

ఈ తేడా తెలియాలంటే గోరు ఎక్కడ పుడుతుందో తెలియాలి. మనకి కనిపించే గోరు నిర్జీవం, కత్తిరిస్తే నొప్పి పుట్టదు. దాన్ని తయారుచేసే చోటు గోరు మొదట్లో చర్మం కింద దాగి ఉంటుంది, బొటనవేలి మీద తెల్లటి నెలవంక కనిపిస్తుందే, అది ఆ చోటు అంచు. నారుమడి లాంటిదనుకోండి. అక్కడ పుట్టిన కణాలు కెరటిన్ అనే ప్రొటీన్‌తో నిండి, గట్టిపడి, ముందుకి జరుగుతూ వస్తాయి, చేతి గోరైతే నెలకి సుమారు మూడు మిల్లీమీటర్లు, కాలి గోరైతే ఒకటి. నారుమడి బాగుంటే తలుపు సందులో పడి నలిగి నల్లబడి ఊడిన గోరైనా ఆరు నెలల్లో మళ్ళీ వస్తుంది. నారుమడే లేకపోయినా, మచ్చకట్టి పూడిపోయినా రాదు. కెరటిన్ అన్నాను కదా, గోరు గట్టిదనం దాని నుంచే వస్తుంది, కాల్షియం గోరులో ఉండేది బహు తక్కువ. గోళ్ళ మీద తెల్ల మచ్చలకి కాల్షియం మాత్రలు మింగడం ఎంత దండగో (అవి చాలావరకు ఎక్కడో తగిలిన చిన్న చిన్న దెబ్బల గుర్తులు), లేని గోళ్ళకి కాల్షియం సిరప్ పోయడం అంతే దండగ. మా పాపకి రాసిన మొదటి చీటీలో ఆ సిరప్పూ, దాంతోపాటు ఫంగస్‌కి పూసే ఆయింట్‌మెంటూ ఉన్నాయి. లేని గోరుకి ఫంగస్ ఎలా పడుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఇక జన్యువుల సంగతి. పుట్టుకతో ఇరవై గోళ్ళూ లేకుండా, ఎముకలూ పళ్ళూ జుట్టూ మిగతావన్నీ మామూలుగా ఉండే రకం ఒకటుంది. 2006లో రెండు బృందాలు విడివిడిగా దీని వెనక ఉన్న జన్యువును పట్టుకున్నాయి. ఆర్-స్పాండిన్ 4 అనే ప్రొటీన్‌ని తయారుచేసే జన్యువు అది, 20వ క్రోమోజోమ్ మీద ఉంటుంది. కడుపులో వేళ్ళు తయారవుతున్నప్పుడు కణాల మధ్య ‘ఇక్కడ గోరు కట్టండి’ అనే కబురు నడుస్తుంది. ఆ కబురు దారిని వింట్ సంకేతం అంటారు. కబురు అందుకునే గ్రాహకాలు కణం ఒంటి మీద ఉంటాయి, వాటిని కణం మాటిమాటికీ లోపలికి లాగేసుకుని అరగదీస్తుంటుంది. ఆర్-స్పాండిన్ పని ఆ లాగుడుని ఆపడం. ఆఫీసులో ఫోన్ దగ్గర కూర్చునే మనిషిని ఎవరో ఒకరు వచ్చి టీకో జెరాక్స్‌కో పంపేస్తుంటే, గుమ్మంలో నిలబడి ‘ఆయన్ని కదిలించకండి’ అని కాపలా కాసేవాడు ఉంటాడే, అలాగ. కాపలావాడు లేకపోతే ఫోన్ మోగుతూనే ఉంటుంది, ఎత్తేవాళ్ళు చాలినంతమంది ఉండరు, వేలు పూర్తిగా తయారవుతుంది గానీ గోరు మాత్రం తయారవదు.

ఈ జన్యువుకి మనందరిలో రెండు ప్రతులుంటాయి, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. ఒకటి చెడినా రెండోది పని నడిపేస్తుంది, గోళ్ళు మామూలుగా వస్తాయి, మనిషికి తన దగ్గర చెడ్డ ప్రతి ఉందనే తెలియదు. భార్యాభర్తలిద్దరి దగ్గరా చెడ్డ ప్రతి ఉండి, బిడ్డకి ఆ రెండే వస్తే అప్పుడు బయటపడుతుంది. ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. ‘మొదటి పాపకి వచ్చేసింది కాబట్టి ఇక తర్వాతి ముగ్గురికీ రాదు’ అని మా బాబాయి ఒకాయన లెక్క చెప్పాడు, అది తప్పు లెక్క. ప్రతిసారీ పాచికలు మళ్ళీ వేసినట్టే.

మేనరికం గొడవ ఇక్కడే వస్తుంది. పాప తల్లి, అంటే మా వదిన, మా పెద్దమ్మకి సొంత తమ్ముడి కూతురు. పర్లాకిమిడి చుట్టుపక్కల తెలుగు ఇళ్ళలో ఇది వింతేమీ కాదు, ‘ఇంటి పిల్లే ఇంటికొచ్చింది’ అంటాం. పక్కింటి ఒడియా వాళ్ళకి మాత్రం ఈ ముచ్చట చెబితే నోరెళ్ళబెడతారు, వాళ్ళలో మేనమామ పిల్లలంటే అన్నాచెల్లెళ్ళ లెక్క. చిన్నప్పటి నుంచీ గోడకి అటూ ఇటూ ఉండి ఒకరి వరసలు ఒకరికి విడ్డూరం. పాప సంగతి తెలియగానే ఆ పక్కింటి ఆవిడ అన్న మొదటి మాట, “మీరు మీలో మీరే చేసుకుంటారు కదా.”

ఆవిడ అన్నదాంట్లో కొంత ఉంది. మేనబావకీ మరదలికీ తాత నాయనమ్మల ద్వారా జన్యువుల్లో సుమారు ఎనిమిదో వంతు ఉమ్మడిగా ఉంటాయి, మేనమామకీ మేనకోడలికీ అయితే నాలుగో వంతు. ఎక్కడో ముత్తాత దగ్గర మొదలైన చెడ్డ ప్రతి రెండు కొమ్మల్లోంచి దిగి ఒకే బిడ్డలో కలుసుకోవడానికి దారి దగ్గరవుతుంది. ఈ జన్యువులో లోపాలు బయటపడ్డవాటిలో పాకిస్తాన్‌లోని దగ్గరి చుట్టాల పెళ్ళిళ్ళున్న కుటుంబాలు ఉన్నది అందుకే. అయితే మేనరికం లోపాన్ని పుట్టించదు, దాక్కున్నదాన్ని బయటికి లాగుతుంది. మేనరికంలో పుట్టినవాళ్ళలో ఎక్కువమంది నిక్షేపంగా ఉంటారు, పుట్టుక లోపాల ప్రమాదం మామూలు కంటే సుమారు రెట్టింపవుతుందని లెక్కలున్నాయి గానీ ఆ రెట్టింపు చిన్న అంకెకి రెట్టింపు. బయట సంబంధం చేసుకున్నా అరుదుగా ఇద్దరూ మోసేవాళ్ళే అయ్యుండొచ్చు. పక్కింటావిడకి ఇదంతా ఒడియాలో చెప్పే ఓపిక నాకు లేకపోయింది.

గ్రహణం మాట కోపం రాకుండా రాయలేను. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం వేళ వదిన కత్తిపీట ముట్టుకుందా, కూర తరిగిందా, గోళ్ళు కత్తిరించుకుందా అని ఇంట్లో ఆడవాళ్ళు తీరిగ్గా విచారణ పెట్టారు. ఆ పిల్ల బాలింత, పాలివ్వాలి, రాత్రుళ్ళు నిద్ర లేదు, గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే. బిడ్డలో ఆ జన్యువుల జత కుదిరింది ఏ గ్రహణం నాడో కాదు, కడుపు నిలిచిన రోజే. పైగా అందులో సగం మా అన్న దగ్గర్నుంచి వచ్చింది, ఆయన్ని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

నాలుగో ప్రశ్న అడిగింది విశాఖపట్నంలో చూసిన చర్మవ్యాధుల డాక్టరు. ఆయన పాపని చూసే ముందు తల్లిదండ్రుల చేతులు చూశాడు. బొటనవేళ్ళు వెలుతురులోకి తిప్పి నెలవంక ఆకారం చూశాడు, మా అన్నని ప్యాంటు మోకాలి పైదాకా మడవమన్నాడు. మా పెద్దమ్మకి అయోమయం, బిడ్డ గోళ్ళకీ వీడి మోకాలికీ ఏం సంబంధం అని.

సంబంధం ఉంది. నెయిల్-పటెల్లా సిండ్రోమ్ అని ఇంకో జబ్బు ఉంది, సుమారు 50,000 మందిలో ఒకరికి ఉంటుందని అంచనా, 1998లో దాని జన్యువు దొరికింది, పేరు ఎల్ఎంఎక్స్1బీ. ఇందులో బొటనవేలి గోరు బాగా దెబ్బతింటుంది, సగమే ఉంటుంది, చీలి ఉంటుంది, లేదా అసలే ఉండదు, అక్కడి నుంచి చిటికెన వేలి వైపు వెళ్ళేకొద్దీ లోపం తగ్గుతుంది. నెలవంక గుండ్రంగా కాకుండా త్రికోణంలా ఉంటుంది. మోకాలి చిప్ప చిన్నదిగా ఉంటుంది లేదా ఉండదు, మోచేతులు పూర్తిగా చాపలేరు. దీనికి ఒక్క చెడ్డ ప్రతి చాలు, తల్లికో తండ్రికో ఉంటే ప్రతి బిడ్డకీ సగం అవకాశం. దీంట్లో మేనరికం ప్రసక్తే లేదు. ‘మా వంశంలో అందరి బొటనవేళ్ళూ ఇంతే’ అని నవ్వుతూ చెప్పుకునే కుటుంబాలు ఉంటాయి చూడండి, అక్కడ ఆగి ఆలోచించాలి. ఎందుకంటే ఈ జబ్బున్నవాళ్ళలో చాలామందికి కిడ్నీ వడపోత పొర దెబ్బతిని మూత్రంలో ప్రొటీన్ పోతుంది, కొందరికి కిడ్నీలు పూర్తిగా పాడయ్యే దాకా వెళుతుంది, కంట్లో ఒత్తిడి పెరిగే గ్లకోమా కూడా రావచ్చు. గోరు లేకపోతే ఎవరూ చచ్చిపోరు, కిడ్నీ సంగతి అలా కాదు. మనది శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ ఉద్దానానికి పక్క నేల. కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం వైపు ఎవరికి క్రియాటినిన్ (కిడ్నీ పాడైతే రక్తంలో పేరుకునేది) పెరిగినా మనసు ముందు నీళ్ళ మీదకీ పురుగుమందుల మీదకీ పోతుంది. రోగి బొటనవేళ్ళు ఎవరైనా చూస్తారా అని నాకు అనుమానం. మూత్రంలో ప్రొటీన్ చూసే పరీక్ష చాలా తక్కువ ఖర్చుది, ఏ చిన్న ల్యాబులోనైనా చేస్తారు.

మా పాప విషయంలో అన్న మోకాళ్ళు బాగానే ఉన్నాయి, బొటనవేళ్ళూ బాగున్నాయి. పాపకి చేతుల ఎక్స్‌రే తీశారు, వేలి చివరి ఎముకలు ఉన్నాయా లేదా అని. కుక్స్ సిండ్రోమ్ అనేదాంట్లో గోరుతోపాటు చివరి కణుపు ఎముక కూడా ఉండదు, ఎముక లేకపోతే ఆలోచన వేరే దారి పట్టాలి. చెవి పరీక్ష కూడా చేయించారు. డోర్స్ అనే ఇంకో అరుదైన సిండ్రోమ్‌లో గోళ్ళ లోపంతోపాటు చెవుడు, ఫిట్స్, బుద్ధి ఎదుగుదల లోపం కలిసి వస్తాయి కాబట్టి. జుట్టు, పళ్ళు, చెమట గ్రంథులు, గోళ్ళు అన్నీ పిండంలో ఒకే పై పొర నుంచి పుట్టేవి, ఆ పొరలోనే లోపముంటే ఎక్టోడర్మల్ డిస్‌ప్లాసియా అంటారు. అందులో కొన్ని రకాల పిల్లలకి చెమటే పట్టదు, వైశాఖంలో గుణుపురం ఎండకి అలాంటి బిడ్డకి కారణం లేని జ్వరాలు వస్తుంటే అది గోళ్ళ కంటే ముందు చూడాల్సిన సంగతి. తల్లి గర్భంతో ఉన్నప్పుడు వాడిన మందులు కూడా అడిగారు. ఫిట్స్‌కి వాడే ఫెనిటాయిన్, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వల్ల బిడ్డ గోళ్ళూ వేలి కొనలూ చిన్నవిగా రావచ్చు. ఇది చదివి ఫిట్స్ మందు మానేసేవాళ్ళుంటారు, దయచేసి మానకండి, గర్భం రాకముందే డాక్టరుని అడిగి మార్చుకోవాలి.

ఆ పరీక్షలన్నీ బాగున్నాయి. లేనివి గోళ్ళే. అంటే ఆర్-స్పాండిన్ రకమే అయ్యుండొచ్చన్నారు, ఖాయం చేసుకోవాలంటే జన్యు పరీక్ష ఉంది. ఇలాంటివాటికి హైదరాబాదులో డీఎన్ఏ పరీక్షలు చేసే ప్రభుత్వ సంస్థ సీడీఎఫ్‌డీ ఉంది. రెండో బిడ్డ గురించి అనుకున్నప్పుడు చేయిద్దామని మా అన్న వాయిదా వేశాడు. ఆ ‘అప్పుడు’ వచ్చేదాకా ఆగకూడదని నా అభిప్రాయం, గర్భం వచ్చాక పరిగెత్తితే రిపోర్టు వచ్చేలోపే నెలలు గడిచిపోతాయి.

పెద్దవాళ్ళలో గోళ్ళు పోవడం పూర్తిగా వేరే కథ, అక్కడ మాత్రం తొందర అవసరం. లైకెన్ ప్లానస్ అనే జబ్బులో మన ఒంటి రక్షణ వ్యవస్థే ఆ నారుమడి మీద దాడి చేస్తుంది. గోరు పల్చబడుతుంది, నిలువునా గీతలు పడతాయి, చీలుతుంది, పై చర్మం రెక్కలా ముందుకి పాకి అతుక్కుంటుంది. ఆ దశకి ముందే స్టెరాయిడ్ వైద్యం మొదలైతే గోరు దక్కుతుంది, మచ్చకట్టాక ఇక రాదు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం అనే సామెత ఇక్కడ అక్షరాలా నిజం. కుష్టు విషయం కూడా చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్ళలో గోళ్ళు లేని చేతిని చూడగానే జనం మనసులో వచ్చేది అదే, పైకి అనరంతే. కుష్టులో ముందు స్పర్శ పోతుంది, తెలియకుండా దెబ్బలూ కాలిన గాయాలూ తగులుతాయి, ఏళ్ళ తరబడి అలా అయ్యాక వేలి కొనల ఎముక అరిగి వేళ్ళు కురచవుతాయి. పుట్టుకతో గోళ్ళు లేని మనిషి వేలికి స్పర్శ మామూలుగా ఉంటుంది, అది అంటుకునేది కాదు. కుష్టుకైనా ప్రభుత్వాసుపత్రిలో మందు ఉచితం, మందు మొదలుపెట్టాక అంటడం ఆగిపోతుంది.

మళ్ళీ గోళ్ళు తెప్పించే మందు ఉందా అని అందరూ అడుగుతారు. పుట్టుకతో లేనివాళ్ళకి లేదు. బజార్లో అంటించుకునే ప్లాస్టిక్ గోళ్ళు కింద అసలు గోరు ఉంటేనే నిలుస్తాయి, వేలికి తొడుగులా వేసుకునే సిలికాన్ కొనలు చేయించుకోవచ్చు, పెద్దయ్యాక కావాలనుకుంటే. మరి గోరు లేకపోతే ఏం ఇబ్బంది? వేలి మెత్త మీద ఏదైనా ఒత్తినప్పుడు వెనక నుంచి ఆన్చి పట్టేది గోరే, అందుకే సూది, చిల్లర నాణెం, బియ్యంలో మెరిక లాంటివి ఏరడం కష్టం. పాపకి ఇప్పుడు నాలుగేళ్ళు దాటాయి. పెన్సిల్ పట్టుకుంటుంది, బటన్లు పెట్టుకుంటుంది, బిస్కెట్ ప్యాకెట్ పళ్ళతో చింపుతుంది, స్టిక్కర్ ఒలవడానికి మాత్రం చెంచా అంచు తెచ్చుకుంటుంది. దురద పుడితే వీపు నా దగ్గరికి తెస్తుంది.

ఓటుకి ఎలాగ అని మా బాబాయి బెంగ, ఇంకా పద్నాలుగేళ్ళు ఉంది లెండి. ఎడమ చూపుడు వేలికి గోరూ చర్మమూ కలిపి గీసే ఆ సిరాలో సిల్వర్ నైట్రేట్ ఉంటుంది, 1962 ఎన్నికల నుంచి మైసూరు కంపెనీ తయారుచేస్తోంది. గోరు లేకపోతే చర్మం మీదే గీస్తారు, కాకపోతే చర్మం రాలి రెండు మూడు వారాల్లో గుర్తు పోతుంది, గోరు మీదైతే గోరు పెరిగి కత్తిరించేదాకా ఉంటుంది.

గోరింటాకూ అంతే. ఆషాఢంలో మా పెద్దమ్మ రుబ్బి అందరికీ వేళ్ళ కొనలకి టోపీలు పెట్టింది, పాప కూడా పది వేళ్ళూ చాపింది. తెల్లారి కడిగితే మా అందరికంటే దానికే బాగా పండింది, వేలి కొన చుట్టూ ఎక్కడా ఆగకుండా ఎరుపే. మాకు గోరు అంచున ఆ ఎరుపు దసరా దాకా మిగిలింది. దానికి పదిహేను రోజుల్లో వెలిసిపోయింది, అప్పటి నుంచి రోజూ గిన్నె పట్టుకుని పెరట్లో గోరింట చెట్టు దగ్గరికి పోయి, మళ్ళీ పెట్టమని ఒకటే గొడవ.